స్వెట్టర్‌కి తలంటు

ప్రశ్న: పిన్నిగారూ, నమస్కారం. మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా అమ్మది విశాఖపట్నం. పోయినసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఊలు కొని, ఆరునెలలు కూర్చుని మా ముగ్గురికీ మూడు స్వెట్టర్లు అల్లింది. మా ఆయనది ముదురు నీలం. మొన్న ఆయనే ఏదో సాయం చేద్దామని దాన్ని తువ్వాళ్ళతో కలిపి వేడినీళ్ళ వాష్‌లో వేసి, ఆ తర్వాత డ్రయర్‌లో తిప్పారు. బయటికి తీసేసరికి అట్టలా బిగుసుకుపోయి, మా ఐదేళ్ళ వాడికి సరిపోయేంతయింది. దాన్ని మళ్ళీ మామూలుగా చేయొచ్చా? నాది మెరూన్, తెలుపు చారలది. బాబుది లేత పసుపు, దాని ఊలు ఉండ చీటీ మీద ‘సూపర్‌వాష్’ అని ఉంది. ఇవి కాక నాన్నగారి పాత బూడిదరంగు స్వెట్టర్ ఒకటి, అమ్మ పెళ్ళయిన కొత్తలో అల్లింది, ఆయన పోయాక నేను తెచ్చుకున్నాను. దాని మోచేతి దగ్గర రెండు చిల్లులు కనిపించాయి. వీటిని ఎలా ఉతకాలి, ఎలా దాచాలి? అమ్మ వచ్చే నెల వస్తోంది. ఆవిడకి ఏం చెప్పాలో తెలియక నిద్ర పట్టడం లేదు.

సమాధానం: అమ్మాయీ, ముందు మీ ఆయన్ని సాధించడం ఆపు. సాయం చేయబోయి పాడుచేసిన మగవాణ్ణి ఒకసారి సాధిస్తే మళ్ళీ జన్మలో మెషిన్ జోలికి రాడు, ఆ నష్టం స్వెట్టర్ కంటే పెద్దది. పైగా ఆ తప్పు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. వాల్తేరు రైల్వే క్వార్టర్స్‌లో ఉండగా పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గర అల్లిక నేర్చుకున్నాను. మొదటి స్వెట్టర్‌కి ఒక చలికాలం మొత్తం, రెండో చలికాలంలో సగం పట్టింది. దాన్ని మావారి చొక్కాలు నానేసిన బకెట్లోనే, మరిగే నీళ్ళలో, గుప్పెడు చాకలిసోడా వేసి ముంచి, చొక్కాల్లాగే బండమీద నాలుగు బాదులు బాదాను. ఆరాక పక్కింటావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘చక్కగా నమదా చేశావే’ అంది. నమదా అంటే కాశ్మీరులో వేసుకునే దళసరి తివాచీ. దాన్ని నేయరు, అల్లరు. ఉన్నిని పొరలుపొరలుగా పరిచి, సబ్బునీళ్ళు చల్లి, చాపలా చుట్టి, తొక్కి, దొర్లించి అట్టకట్టిస్తారు. వాళ్ళు ఒళ్ళొంచి గంటల తరబడి చేసే పనిని మీ ఇంట్లో మెషిన్ ఒక్క వాష్‌లో చేసేసిందన్నమాట.

అందుకని ఈ రోజు నుంచి ఉన్నిని బట్టగా చూడడం మానేసి జుట్టుగా చూడు. నీ జుట్టుని ఎలా చూసుకుంటావో అలా. సగం ప్రశ్నలకి నువ్వే జవాబు చెప్పుకోగలవు. నీ జడని మరిగే నీళ్ళలో ముంచుతావా? బట్టలసోడా పెట్టి రుద్దుతావా? తడిజుట్టుని మెలితిప్పి పిండుతావా? తలంటి పోసుకున్నాక ఏం చేస్తావో తలుచుకో, స్వెట్టర్‌కీ అదే మర్యాద.

ఎందుకు అట్టకట్టిందో కూడా చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే చెయ్యి దానంతటదే జాగ్రత్తపడుతుంది. గొర్రె వెంట్రుక నున్నగా ఉండదు. పెంకుటింటి కప్పు మీద పెంకులు పరిచినట్టు, దానిమీద కంటికి కనిపించని పొలుసులు, అన్నీ కొసవైపు తిరిగి ఉంటాయి. తడి, వేడి తగిలితే వెంట్రుక ఉబ్బి పొలుసులు రేగుతాయి. అప్పుడు కదిలించావా, పక్కపక్క వెంట్రుకల పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పొలంగట్టు మీద నడిస్తే చీర అంచుకి పట్టిన గడ్డిముల్లు పైపైకే ఎక్కుతుంది తప్ప కిందికి దిగదు కదా, అలాగే ఆ వెంట్రుకలు ఒకవైపుకే జరుగుతాయి, వెనక్కి రావు. జరిగిన కొద్దీ బిగుస్తాయి. దువ్వకుండా వదిలేసిన జుట్టు అట్టకట్టడం, స్వెట్టర్ కుంచించుకుపోవడం ఒకటే. చాకలిసోడా లాంటి క్షారం దీనికి ఆజ్యం పోస్తుంది. కానీ మూడింటిలో అసలు దోషి వేడి కాదు, రాపిడి. గోరువెచ్చని నీళ్ళలో కదలకుండా గంటసేపు ఉన్న స్వెట్టర్‌కి ఏమీ కాదు. అవే నీళ్ళలో తువ్వాళ్ళతో కలిసి అరగంట గిరగిరా తిరిగితే అవుతుంది. మీ ఆయన వేడి, రాపిడి రెండూ కలిపి ప్రయోగించారు, మీద నుంచి డ్రయర్.

ఇక ఆ నీలం స్వెట్టర్. కిటికీ దగ్గర వెలుగుకి ఎత్తిపట్టి చూడు. అల్లిక కుట్లు ఒక్కొక్కటీ ఇంకా కనిపిస్తుంటే కొంచెం ఆశ ఉంది. కుట్లు కలిసిపోయి దుప్పటి ముక్కలా కనిపిస్తుంటే మాత్రం అది తిరిగిరాదు, ఎవరేం చిట్కా చెప్పినా సరే. ఆశ ఉంటే ఇలా చెయ్యి. గోరువెచ్చని నీళ్ళ టబ్బులో మీరు తలకి రాసుకునే కండిషనర్ రెండు మూడు చెంచాలు బాగా కలిపి, స్వెట్టర్‌ని ముంచి అరగంట వదిలెయ్యి. కండిషనర్ పొలుసుల మీద జిడ్డుపొరలా చేరి జారుడు కలిగిస్తుంది, చిక్కుజుట్టుకి చేసే పనే. తీసి, తువ్వాల్లో నొక్కి, నేలమీద పరిచి, నువ్వొకవైపు మీ ఆయనొకవైపు కూర్చుని నెమ్మదిగా సాగదీయండి. గుంజకూడదు. అరచేతులతో మధ్యనుంచి అంచులకి, పూరీపిండి సాగదీసినంత నిదానంగా. పిల్లలు ఆడుకునే ఫోమ్ చాప ఉంటే దానిమీద తుప్పుపట్టని గుండుసూదులతో గుచ్చి ఆరనివ్వు. మర్నాడు ఇంకోసారి. పొడవులో, వెడల్పులో కాస్త కలిసొస్తుంది. మీ ఆయన ఒంటికి పట్టేంత వస్తుందని మాత్రం నేను మాటివ్వను.

రాకపోతే బాబుకి తొడిగెయ్యి. అల్లుడి స్వెట్టర్ మనవడికి చేరింది, ఇల్లు దాటి పోలేదు. వాడికీ గట్టిగా ఉంటే కత్తిరించెయ్. ఇలా అట్టకట్టిన అల్లికకి ఒక సుగుణం ఉంది, కత్తెర పెట్టినా పోగు ఊడదు. రెండు పొరలు కలిపి కుడితే పొయ్యిమీద గిన్నె దించుకునే మసిగుడ్డలకి ఇంతకంటే మంచి సరుకు దొరకదు. నైలాన్, యాక్రిలిక్ లాంటివి వేడికి కరిగి చేతికి అంటుకుంటాయి. ఉన్ని కరగదు, దానికి అంత తేలిగ్గా నిప్పు అంటుకోదు కూడా.

ఇక్కడ మన ఊళ్ళలో ఉండి చదువుతున్నవాళ్ళకి ఒక మాట. మీరు అల్లినదో, అల్లించుకున్నదో అసలు ఉన్నేనా అన్నది ముందు చూసుకోండి. విజయవాడలో, వరంగల్లులో ఫ్యాన్సీ షాపులో ‘ఊలు’ అని అడిగితే చేతికిచ్చేది ఎక్కువసార్లు యాక్రిలిక్ దారమే. దాని పేరు ఊలే గానీ గొర్రెకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. చిన్న పోగు తీసి, స్టీలు పళ్ళెంలో పెట్టి, పిల్లలు దగ్గర లేనప్పుడు అగ్గిపుల్ల చూపించండి. ఉన్ని అయితే జుట్టు కాలిన కంపు కొడుతుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది, నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి మండి చివర గట్టి నల్లటి పూస మిగుల్తుంది. యాక్రిలిక్‌ది ఉన్నిలా అట్టకట్టదు, ఉతకడానికి అంత భయం అక్కర్లేదు. దాని శత్రువు ఇస్త్రీపెట్టె. వేడి ఇస్త్రీ ఒక్కసారి తగిలితే చచ్చిన చేపలా వేలాడిపోతుంది, మళ్ళీ లేవదు.

సరే, ఉతకడం. అన్నిటికంటే ముందు: నువ్వు అనుకున్నన్నిసార్లు ఉతకక్కర్లేదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమని పీల్చుకుని కూడా చేతికి తడి తెలియనివ్వదు. చెమట ఆవిరినీ అలాగే లాక్కుని గాలికి వదిలేస్తుంది. విప్పగానే బీరువాలో కుక్కకుండా ఒక రాత్రి కుర్చీవెనక గాలికి ఆరేస్తే చాలా వాసనలు పోతాయి. లోపల కాటన్ బనీనో, చొక్కానో ఉంటే చలికాలం మొత్తానికి రెండు ఉతుకులు చాలు. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగళ్ళు చూశావా? వానలో కాపరి తలమీద ముసుగు అదే, రాత్రి పక్క అదే. మా మేనమామ ఊళ్ళో గొర్రెలకాపరి ఒకాయన గొంగడిని దులిపి ఎండకి వేయడం చూశాను గానీ, ఎన్నేళ్ళలోనూ ఉతకడం చూడలేదు.

ఉతికే రోజున ముందుగా స్వెట్టర్‌ని పొడిగా ఉన్నప్పుడే బల్లమీద పరిచి, టేపుతో ఛాతీ, పొడవు, చేతుల పొడవు కొలిచి కాగితం మీద రాసుకో. ఆరేసేటప్పుడు ఈ కొలతలే నీకు దిక్కు. కొందరు పాత దినపత్రిక మీద పెట్టి చుట్టూ గీత గీయమంటారు, ఆ తప్పు చేయకు, తడి తగిలితే పత్రిక సిరా స్వెట్టర్‌కి అంటుతుంది. చిల్లు, ఊడిన కుట్టు కనిపిస్తే ముందు అది బాగుచేశాకే నీళ్ళు. పొడిగా ఉన్నప్పుడు కందిగింజంత ఉన్న చిల్లు తడిసిన బరువుకి రూపాయి బిళ్ళంత అవుతుంది. గుండీలు పెట్టి, లోపలివైపు పైకి తిప్పు.

నీళ్ళు: పసిబిడ్డకి స్నానం చేయించేముందు మోచెయ్యి ముంచి చూస్తాం కదా, అలాగే చూడు, ఆ స్నానం నీళ్ళకంటే కాస్త చల్లగానే ఉండాలి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే 30 డిగ్రీల సెల్సియస్ దాటనక్కర్లేదు. మీ అమెరికా కుళాయిలో వేడినీళ్ళు 49 డిగ్రీల దాకా రావచ్చు, నేరుగా పట్టకు. బట్టలు ఉతికే మామూలు పౌడరు ముట్టుకోకు. అందులో క్షారం ఉంటుంది, చాలావాటిలో మాంసకృత్తుల మరకల్ని తినే ఎంజైమ్‌లు కూడా ఉంటాయి. గుడ్డు మరక, రక్తం మరక తినమని పెట్టిన ఎంజైమ్‌కి ఉన్ని కూడా మాంసకృత్తేనన్న సంగతి ఎవరూ చెప్పలేదు, దాన్నీ తింటుంది. పట్టుచీరల విషయంలోనూ ఇదే. ఇక బట్టలు తెల్లబరిచే బ్లీచ్ అయితే ఉన్నిని కరిగించేస్తుంది, రంగు పోవడం కాదు, నిజంగానే కరిగిపోతుంది.

మరి దేనితో? మన అమ్మమ్మలు పట్టుచీరలకీ తలకీ ఒకటే వాడేవాళ్ళు, కుంకుడుకాయలు. ఉన్నికి నాకు తెలిసి దానంత మెత్తని మురికివిరుపు లేదు. ఓ పది కాయలు కొట్టి, గింజ తీసి, రాత్రి నానేసి, పొద్దున పిసికి పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టు. తొక్క పిప్పి మిగిలిందా, అల్లికలో ఇరుక్కుని దాన్ని ఏరడానికి ఓ సాయంత్రం పడుతుంది, నేను పడ్డాను. అక్కడ ఓక్ ట్రీ రోడ్డు మీద మన కొట్లలో కుంకుడుపొడి అమ్ముతారు, హిందీలో రీఠా అని అడుగు, దాన్నీ వడకట్టాల్సిందే. ఒక ఇబ్బంది: కుంకుడురసం గోధుమరంగు. ముదురు రంగులకి దివ్యంగా ఉంటుంది, తెలుపుకి, లేత పసుపుకి మాత్రం మసక తెస్తుంది. నీ చారల స్వెట్టర్‌కి, బాబుదానికి ఉన్నిబట్టల లిక్విడ్ వాడు. ఇండియాలో అయితే ఈజీ అని గోద్రెజ్‌ది తరతరాలుగా ఉంది, అక్కడ ఏ ఊల్‌వాష్ దొరికినా పర్లేదు. ఏదీ లేకపోతే పసిపిల్లల షాంపూ ఒక చెంచా.

లిక్విడ్ ముందు నీళ్ళలో కలిపి, నురగ తేలాక స్వెట్టర్ వెయ్యి. మీద పోయకు. అరచేతులతో కిందికి నొక్కు, వదులు, మళ్ళీ నొక్కు, ఓ ఐదారుసార్లు. తర్వాత పావుగంట దాన్ని దాని మానాన వదిలేసి కాఫీ తాగు. కాలరు దగ్గరా, చేతి అంచుల దగ్గరా మురికి పేరుకుంటే వేళ్ళ మధ్య పెట్టి నొక్కాలి గానీ రుద్దకూడదు, బ్రష్షు అసలే వద్దు. తీసేటప్పుడు భుజాలు పట్టుకుని ఎత్తావంటే తడిబరువుకి మోకాళ్ళదాకా సాగుతుంది. ఉన్ని తడిస్తే బలం తగ్గుతుంది కూడా. రెండు చేతులూ కిందికి పోనిచ్చి, పసిబిడ్డని నీళ్ళలోంచి తీసినట్టు తియ్యి. జాడించే నీళ్ళు కూడా అదే వెచ్చదనం ఉండాలి. నురగ పోయేదాకా రెండు మూడుసార్లు నీళ్ళు మార్చు, కుళాయి ధార కింద పట్టకు. ఆఖరి నీళ్ళలో ఒక చెంచా వెనిగర్ వేస్తే మిగిలిన సబ్బు క్షారం విరుగుతుంది, మెత్తగా వస్తుంది. దానివల్ల రంగు ‘నిలబడుతుంది’ అని చాలామంది చెప్తారు, అది నమ్మకు. కారే రంగు వెనిగర్‌కి భయపడదు.

పిండొద్దు. తెల్లటి పెద్ద తువ్వాలు పరిచి, దానిమీద స్వెట్టర్ పరిచి, పూతరేకు చుట్టినట్టు రెండూ కలిపి చుట్టి, మోకాళ్ళతో నొక్కు. తువ్వాలు తడిసిపోతే ఇంకోటి. మన ఊళ్ళో సెమీ ఆటోమేటిక్ మెషిన్ ఉన్నవాళ్ళకి ఇంకా సుఖం. దాని పక్కనుండే చిన్న స్పిన్ డబ్బా గుడ్డని తిప్పుతుందే గానీ కలియబెట్టదు, వలసంచిలో పెట్టి ఒక్క నిమిషం తిప్పితే చాలు. మీ మెషిన్‌లో స్పిన్ ఒక్కటే విడిగా పెట్టుకునే వీలుంటే తక్కువ వేగంతో పెట్టు. ఈసారి మీ ఆయన చేత పెట్టించు, ఆయనకీ పోయిన పరువు కొంత తిరిగొస్తుంది.

ఆరేయడానికి దండెం, హ్యాంగర్ రెండూ పనికిరావు. పరిచే ఆరేయాలి. మా ఇంట్లో నులకమంచం ఉండేది, దానిమీద పాత దుప్పటి పరిచి స్వెట్టర్ వేస్తే కిందనుంచీ పైనుంచీ గాలి ఆడేది. ఇప్పుడు ఆ మంచాలూ లేవు, మీకసలే లేవు కాబట్టి బాత్‌టబ్ మీద అడ్డంగా పెట్టే వలరాక్ కొనుక్కో. ఇందాక రాసుకున్న కొలతలు తీసి, చేతులతో తట్టి ఆ కొలతకి తీసుకురా. చేతులు నిటారుగా, అంచుల్లో సాగే అల్లికని, అంటే రిబ్బుని, దగ్గరికి నొక్కి. తడి ఉన్ని ఏ ఆకారంలో పెడితే ఆ ఆకారంలోనే ఆరుతుంది, నువ్వు దాన్ని మలిచే అదను అదొక్కటే. స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో ఆడవాళ్ళు ఉతికిన స్వెట్టర్‌ని మనిషి ఒంటిలా నిలబెట్టిన చెక్కచట్రానికి తొడిగి ఆరబెట్టేవాళ్ళు, ఆ చట్రం వెడల్పుని తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఎండ వద్దు, తెల్లని ఉన్ని ఎండకి పసుపెక్కుతుంది, రంగులు వెలిసిపోతాయి. హీటర్ మీద అసలు వద్దు. నీడన, ఫ్యాను కింద, ఒక రోజో, రెండు రోజులో. సగం ఆరాక ఒకసారి తిరగెయ్యి. విశాఖలాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఫ్యాను లేకుండా ఆరబెడితే ముక్కవాసన ఖాయం.

నీ చారల స్వెట్టర్‌కి ఒక్క జాగ్రత్త ఎక్కువ కావాలి. లోపలి వైపు మెరూన్ భాగం మీద తడి తెల్లగుడ్డ ఒక నిమిషం నొక్కి చూడు. గుడ్డకి ఎరుపు అంటితే చల్లటి నీళ్ళలో, నానబెట్టకుండా, ఐదు నిమిషాల్లో పని ముగించు. తడిగా ఉన్నప్పుడు మడతపెట్టి క్షణం కూడా వదలకు. ఆరేసేటప్పుడు ముందుభాగానికీ వెనకభాగానికీ మధ్య పాత తెల్ల తువ్వాలు దూర్చు. రంగు పాకేది ఎక్కువగా నీళ్ళలో కాదు, ఈ మడతల్లో.

బాబు స్వెట్టర్ సంగతి వేరే. సూపర్‌వాష్ అంటే ఉన్నిమీది పొలుసుల్ని క్లోరిన్‌తో అరగదీసి, పైన సన్నటి జిగురుపూత పూస్తారు. పట్టుకోవడానికి పొలుసు లేదు కాబట్టి అట్టకట్టదు. మెషిన్‌లో చల్లని నీళ్ళతో, మెల్లని వాష్‌లో, వలసంచిలో వేసెయ్యొచ్చు. కానీ పొలుసులు లేకపోవడం వల్లే తడిస్తే సాగుతుంది. బయటికి తీశాక గౌనంత అయిందని కంగారుపడకు. చీటీ మీద డ్రయర్ వాడొచ్చని ఉంటే తక్కువ వేడిలో పది నిమిషాలు తిప్పి, ఇంకా చెమ్మ ఉండగానే తీసి పరిచి ఆరెయ్యి, మళ్ళీ దగ్గరికి వస్తుంది. ఆ చీటీ పారేయకు. అమ్మ అల్లిన ప్రతిదానికీ ఒక చీటీ, ఓ బారెడు ఊలు కలిపి కవర్లో దాచు.

చంకల కిందా, పక్కలా చిన్నచిన్న ఉండలు కడతాయి. చూసి ‘ఊలు నాసిరకం’ అని అమ్మతో అనకు. మంచి ఉన్ని అయినా మెత్తనిదైతే ఉండకడుతుంది. వాటిని చేత్తో పీకితే ఇంకో నాలుగు పోగులు బయటికొస్తాయి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు, ఉన్ని తొడుక్కున్నాక ఉండలు లేకుండా కుదరదు. నెలకోసారి చిన్న దువ్వెనతోనో, బ్యాటరీ షేవర్‌తోనో పైపైన తీసేస్తే చాలు. పోగు ఎక్కడైనా తగులుకుని బయటికి లేస్తే కత్తిరించకు, క్రోషా సూదితో లోపలివైపుకి లాగెయ్. ఇస్త్రీ తప్పదనుకుంటే అంగుళం ఎత్తులో ఆవిరి మాత్రం పట్టు. రిబ్బు అంచులకి అదీ వద్దు, సాగి వదులైపోతాయి.

దాచడం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనకి సామెత గానీ, మీ న్యూజెర్సీలో శివుడి మాట కూడా వినకుండా ఏప్రిల్ దాకా కూర్చుంటుంది. అది పోయాక, ఎన్నిసార్లు తొడిగినా తొడగకపోయినా ఒకసారి ఉతికి, ఎముక ఎండినట్టు ఆరాకే లోపల పెట్టు. ఇదెందుకో చెప్తాను. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు. పెద్ద చిమ్మటకి తినే నోరే సరిగ్గా ఉండదు. అది ఉన్ని మీద గుడ్లు పెట్టి పోతుంది, వాటిలోంచి వచ్చే బియ్యపుపురుగులాంటి పిల్లపురుగులు తింటాయి. వాటికి చెమట, కూరమరక అంటిన ఉన్ని అంటే మరీ ఇష్టం. దీపం చుట్టూ తిరిగే పురుగులు వేరు, బట్టలచిమ్మట వెలుగు చూస్తే పారిపోతుంది. అందుకే ఏళ్ళ తరబడి కదపని బీరువా అడుగుఅరలు దానికి అత్తారిల్లు. నెలకోసారి తీసి దులిపి మళ్ళీ పెట్టు, అది చాలా పురుగుమందుల కంటే మేలు.

కలరా ఉండలు మాత్రం వెయ్యొద్దు. మన చిన్నప్పుడు ప్రతి ట్రంకుపెట్టెలోనూ ఉండేవి, ఆ వాసనే చలికాలం వాసన అనుకునేవాళ్ళం. అవి నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకి, ఆ ఉండల్లో దాచిన బట్టలు తొడిగితే ఎర్రరక్తకణాలు చితికి కామెర్లు ముదిరిన సందర్భాలు వైద్యులకి బాగా తెలుసు. మన పిల్లల్లోనూ ఆ లోపం ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఇంకోటి. ఎండిన వేపాకు గుడ్డసంచిలో కట్టి పెట్టుకోవాలనుంటే పెట్టుకో, నష్టం లేదు, నేనూ పెడతాను, అయితే దానిమీదే భారం వేయను. ఉతికిన స్వెట్టర్, బాగా ఆరినది, గట్టిగా జిప్ పడే సంచి, ఈ మూడు ఉంటే చిమ్మట గుడ్డు పెట్టడానికి చోటే దొరకదు. హ్యాంగర్‌కి తగిలించకుండా మడిచే పెట్టు.

నాన్నగారి స్వెట్టర్ చిల్లులు అరిగినవో, తిన్నవో చూడాలి. మోచెయ్యి దగ్గర చుట్టూ అల్లిక పల్చబడి మధ్యలో చిల్లుంటే అది అరుగుదల, ఆయన బల్లకి ఆనించి కూర్చున్న గుర్తు. చుట్టూ దళసరిగా ఉండి పోగు టక్కున తెగినట్టుంటే, దగ్గర్లో ఇసుకరేణువుల్లాంటి రెట్టలు, సాలెగూటి పొరలాంటివి ఉంటే పురుగు. ఏదో తేలేదాకా మిగతా మూడింటి పక్కన పెట్టకు. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి ఫ్రీజర్‌లో, మైనస్ 18 డిగ్రీల దగ్గర, రెండు వారాలు ఉంచు. గుడ్లూ, పురుగులూ చస్తాయి. బయటికి తీశాక సంచి విప్పకుండానే ఒక రోజు వదిలెయ్యి, లేకపోతే గాలిలో తేమ స్వెట్టర్ మీద నీళ్ళై పేరుకుంటుంది. మీ ఆయనకి అది చేపల పొట్లం కాదని ముందే చెప్పు.

ఇక అమ్మకి ఏం చెప్పాలని అడిగావు. వచ్చేదాకా దాచకు, ఈ వారమే ఫోన్ చేసి చెప్పేయి. అల్లేవాళ్ళలో ఒక్క స్వెట్టరైనా అట్టకట్టించనివాళ్ళు నాకింతవరకూ తగల్లేదు, ఆవిడ కూడా ఎప్పుడో ఒకటి చేసే ఉంటుంది, అడుగు. ఆ ఫోన్లోనే ఇంకో మాట అడుగు: బూడిదరంగు ఊలు పాత ఉండ ఏ ట్రంకుపెట్టెలోనైనా మిగిలిందేమో. అల్లేవాళ్ళు బెత్తెడు ఊలు కూడా పారేయరు. దొరికితే ఆవకాయ డబ్బాల మధ్య పెట్టుకురమ్మను. లేకపోతే అక్కడే దగ్గరి రంగు వెతకండి, కొంచెం తేడాగా ఉన్నా మునిగిపోయిందేమీ లేదు. చిల్లు అంచుల్లో వదులైన కుట్లని ఒక దారపుపోగు మీదికి ఎక్కించి పెడితే ఇంకా కిందికి ఊడవు, ఆపైన కుట్టు అడుగుజాడలోనే సూది నడిపించి కొత్త ఊలు ఎక్కించాలి. నీకు చెయ్యి తిరగదు, ఆవిడకి కళ్ళు మూసుకుని వస్తుంది. ఫ్రీజర్‌లోంచి తీశాక ఆ స్వెట్టర్‌ని అలాగే పొడిగా ఉంచు, అమ్మ చిల్లులు పూడ్చాకే నీళ్ళు చూపించు.